పిల్లల వార్డు చీటీ

మా పక్క వాటాలో పదకొండేళ్ళుగా ఉంటున్న నర్సు అక్కయ్య ఈ సోమవారం ఉదయం డ్యూటీకి తయారవుతూ గుండె ఆగి కన్నుమూశారు. అమెరికా విషయంలో నాతో వాదించి, ఆ ఆవేశంలోనే పోయారని దోహాలో మా ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలోని తెలుగు ఇళ్ళలో చెప్పుకుంటున్నారట. అది అబద్ధం. మేము వాదించుకున్నది నెల కిందట. ఆ మర్నాడే ఆవిడ చిన్న గాజు గ్లాసులో పాలు లేని టీ పోసుకొచ్చి, "కోపం చల్లారిందా, అమ్మాయ్?" అన్నారు. నాకు అరవై రెండేళ్ళు. నన్ను అమ్మాయ్ అని పిలిచే మనిషి ఇక ఈ దేశంలో లేరు.

దోహాకు రాకముందు ఆవిడ బాగ్దాదులో పిల్లల వార్డులో ఎనిమిదేళ్ళు పనిచేశారు. మొన్న తొంభై ఎనిమిది క్రిస్మస్ ముందు ఆ నగరం మీద అమెరికా దాడులు జరిగినన్నాళ్ళూ నేను ఆవిడ టీవీ ముందే కూర్చున్నాను. రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చేసి, ముప్ఫై ఏళ్ళుగా బడిలో ప్రజాస్వామ్యం పాఠం చెబుతున్నదాన్ని; ఆ తెర చూస్తుంటే నా పాఠాల మీద నాకే రోత పుట్టింది. సగం తెరలో అమెరికా అధ్యక్షుణ్ణి తొలగించాలా వద్దా అని ఓట్లు. మిగతా సగంలో బాగ్దాదు మీద మంటలు. మధ్యలో కుక్క బిస్కట్ల ప్రకటన. ఆయన ఒక ఆడపిల్ల విషయంలో అబద్ధమాడాడా అని ఏడాదిపాటు తవ్విపోసిన పెద్దమనుషులు, క్షిపణుల దగ్గరికొచ్చేసరికి ఆ ఓట్లు తప్పించుకోవడానికే సరిగ్గా ఆ వేళకు ప్రయోగించాడా అని పేచీ పెట్టుకున్నారు. వాటి కింద ఎవరున్నారని ఒక్కరైనా అడగగా నేను వినలేదు.

అక్కయ్య తిట్టలేదు. తెర మీద వేలుపెట్టి, "అదిగో, ఆ వంతెన దాటితే మా హాస్టలు. దాని కింద రొట్టెల కొట్టు," అన్నారు. నేను టీవీ కట్టెయ్యబోతే, "నువ్వు కట్టేస్తే అక్కడ ఆగుతుందా? కూర్చో," అన్నారు.

మా తెలుగు క్రైస్తవుల ప్రార్థన కూటం శుక్రవారాలు మదీనత్ ఖలీఫా పేటలో ఒకరింటి హాల్లో జరుగుతుంది. ఎవరి మనవి వాళ్ళు చీటీ రాసి బుట్టలో వేస్తే, సంఘపెద్ద ఒక్కొక్కటే పైకి చదువుతారు. దాని కోసం అందరం ప్రార్థిస్తాం. వీసాలు, కాన్పులు, ప్రమోషన్లు. అక్కయ్య పాత క్యాలెండరు కాగితాన్ని నాలుగు ముక్కలుగా కత్తిరించి, వారానికొక ముక్క వెనక ఒకటే మాట రాసేవారు: "బాగ్దాదు పిల్లల వార్డు కోసం." దాడుల తరువాత ఆ చీటీ చదవడం ఆగిపోయింది. వరుసగా రెండోవారం కూడా చదవకపోయేసరికి నేను మండిపడ్డాను, అదీ ఆవిడ మీదే.

"క్షిపణికి చీటీ అడ్డమా, అక్కయ్యా? పైగా దాన్ని చదవను కూడా చదవడంలేదు. మళ్ళీ రాస్తారా?"

"చదవకపోతే ఆయన సంగతి. రాయకపోతే నా సంగతి," అన్నారు, కత్తెర వెతుక్కుంటూ.

ఊళ్ళో చెప్పుకుంటున్న గొడవ ఇంతే. అందులో తప్పు నాది.

నిన్న సంఘపెద్ద మా ఇంటికొచ్చారు.

"టీచరమ్మ గారూ, శుక్రవారం కూటంలో అక్కయ్య గారి గురించి మీరే మాట్లాడాలి. ఆవిడ సేవ, మంచితనం, ఓ నాలుగు ముక్కలు. అమెరికా ఊసు మాత్రం తేవద్దమ్మా."

"ఆవిడ చీటీ ఎందుకు చదవలేదు?"

"మా కంపెనీ అమెరికా వాళ్ళది కదండీ. ప్రార్థనలో రాజకీయాలెందుకని..."

"పిల్లల వార్డు రాజకీయం ఎప్పుడయిందండీ?"

ఆయన టీ ముట్టకుండానే లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "అదే పట్టు మీద ఉంటే మీరు ఇక కూటానికి రాకపోవడమే మంచిది. ఎవరినైనా అడిగి ఆలోచించుకోండి," అన్నారు. బాగ్దాదును కాల్చినవాళ్ళ మీద కన్నా, ఆ క్షణంలో ఈయన మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది. వాళ్ళు కనీసం భయపడి చేయలేదు.

నేనెవరినీ అడగలేదు. ఆవిడ వాటా తాళం నా దగ్గరే ఉంది; తీసుకుని లోపలికి వెళ్ళాను. బల్ల మీద కత్తెర, దాని కింద కొత్తగా కత్తిరించిన నాలుగు ముక్కలు. ఒకదాని మీద ఈ శుక్రవారం చీటీ సోమవారానికే రాసి ఉంది. మూడు ఖాళీ.

ఆ మూడూ నా చేత్తో నింపాను, అదే మాటతో. నాలుగూ ఇప్పుడు నా చేతిసంచిలో ఉన్నాయి. వాటిని బుట్టలో వెయ్యను. వారానికొకటి, లేచి నిలబడి నేనే చదువుతాను. లోపలికి రానివ్వకపోతే, గేటు బయట నిలబడి.