కొసరు లేని మనిషి

ముందే చెప్పేస్తే మీకూ తిట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. మా మరిది టిప్పు ఇవ్వడు. జుట్టు కత్తిరించినవాడికివ్వడు, కాఫీ తెచ్చినవాడికివ్వడు, మూటలు మోసినవాడికివ్వడు. పోనీ పిసినారా అంటే, ఎక్కడా బేరమాడడు. కూరలమ్మే ఆవిడ ముచ్చటపడి సంచిలో వేసిన కొసరు కూడా వెనక్కి తీసి ఇచ్చేసి వస్తాడు. అసలు కన్నా కొసరు ముద్దని లోకమంతా అంటుంటే, ఈయనకి అసలే ముద్దు. దమ్మిడీ ఎక్కువ లేదు, దమ్మిడీ తక్కువ లేదు. "బోర్డు మీద ఎంతుంది?" ఇదొక్కటే ఆయన మంత్రం.

ఆ మంత్రంతో ఆయన గెలిచిన తగాదా ఒకటి నా కళ్ళారా చూశాను. ఇంటికి చుట్టాలొస్తే ఆయన్ని పిలవడానికి సెలూన్‌కి వెళ్ళి, బయట బెంచీ మీద కూలబడ్డాను. మా మరిది తల సంగతి మీకు చెప్పాలి. నడినెత్తి నున్నటి అద్దం. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు మరిచిపోయిన చాపలాగా, చెవుల వెనక మాత్రం ఓ పట్టీ జుట్టు మిగిలింది. సెలూనాయన ఆ పట్టీని రెండు నిమిషాల్లో సర్ది, గుడ్డ దులిపాడు.

"మీరు సగం ఇవ్వండి చాలు అయ్యగారూ. పనెక్కడుంది గనక!"

"బోర్డు మీద ఎంతుంది మాస్టారూ?"

"ముప్ఫై. అది నిండు తలకి కదండీ."

"నిండు తలకని రాసుందా? జుట్టు కత్తిరింపు ముప్ఫై అని ఉంది. ఆ బోర్డు రాసింది నేను. నాకు తెలీదా ఏముందో!"

అవును, మా మరిది వృత్తి అదే. నలభై ఏళ్ళు నిచ్చెన మీద నిలబడి ఊళ్ళో కొట్లకి బోర్డులు రాశాడు.

"ఉన్న నాలుగు వెంట్రుకలకి పూర్తి డబ్బు తీసుకుంటే నాకు పాపం చుట్టుకుంటుందండీ!"

"నిండు తలైతే కత్తెర ఎక్కడ పెట్టినా తెగుతుంది. నా తలలో వెతికి వెతికి కొయ్యాలి. ఆ వెతుకులాటకి న్యాయంగా ఎక్కువే ఇవ్వాలి."

"అయితే ఎక్కువే ఇవ్వండి!" అన్నాడు సెలూనాయన, మొహం విప్పారి.

"బోర్డు మీద ఎంతుంది?"

బెంచీ మీద వాళ్ళంతా గొల్లుమన్నారు. సెలూనాయన ఓడిపోయి ముప్ఫై పుచ్చుకున్నాడు. పుచ్చుకున్నాక కూడా అలవాటు కొద్దీ అరచెయ్యి ఇంకాసేపు తెరిచే ఉంచాడు. మా మరిది ఆ చేతికేసి చూశాడు. దాన్ని తన చేత్తో పట్టుకుని నాలుగుసార్లు ఊపి, "వస్తా మాస్టారూ" అని మెట్లు దిగాడు.

ఇలాంటి మొగుడితో వీధిలో తిరగడం నా తోడికోడలికి పెద్ద శిక్ష. పాపం దానికి పరువెక్కువ. భోజనం హోటల్‌లో ఆయన సర్వర్‌కి చెయ్యి ఊపి బయటికి రాగానే, "ఉండండి, చెప్పులో రాయి పడింది" అని వెనక్కి పరిగెత్తేది. రాయీ లేదు, రప్పా లేదు. గుప్పిట్లో నాణెం తీసుకెళ్ళి సర్వర్‌కిచ్చి వచ్చేది. ఏడాదికి ఎన్నిసార్లు రాయి పడిందో లెక్కలేదు. ఆయన అమాయకంగా, "కొత్త చెప్పులు కొనుక్కోరాదూ" అనేవాడు.

ఓసారి ముగ్గురం టాక్సీలో వచ్చాం. మీటరు ఎనభై ఏడు చూపించింది. మా మరిది వంద ఇచ్చాడు. డ్రైవరు జేబులు తడుముకుని, "చిల్లర లేదు సార్" అన్నాడు, ఆశగా.

"ఫరవాలేదు. దొరికేదాకా కూర్చుంటాం."

కూర్చున్నాం. ఎండలో, ఇంటి గుమ్మం ముందు, సొంత ఇంటికి చుట్టాల్లాగా. డ్రైవరు సీటు కింద వెతికాడు, తివాచీ ఎత్తాడు, పక్క కొట్టుకి పోయి వచ్చాడు. చివరికి విసిగిపోయి పదిహేను చేతిలో పెట్టాడు.

"రెండు ఎక్కువిచ్చారు" అన్నాడు మా మరిది, సీటులో మళ్ళీ సర్దుకుంటూ.

"అమ్మా," అని డ్రైవరు మా ఇద్దరికీ దణ్ణం పెట్టాడు, "మీరు ముగ్గురూ దిగండి. అదే నాకు టిప్పు!"

బోర్డు లేనిచోట ఆయనకి ఊపిరాడదు. స్టేషన్‌లో తోపుడుబండి మీద మా పెట్టెలు తెచ్చిన కూలీని, "మీ బోర్డేదీ?" అని అడిగాడు.

"నాకు బోర్డేంటి సారూ? మీ దయ."

ఆ మాటకి మా మరిదికి ఎక్కడ కాలిందో! "నా దయ పొద్దున్న ఒకలా ఉంటుంది, అన్నం తిన్నాక ఒకలా ఉంటుంది, మా ఆవిడతో పోట్లాడాక అసలుండదు. దాన్ని నమ్ముకుని మీ ఇల్లెలా గడుస్తుంది?" అంటూ జేబులోంచి సుద్దముక్క తీశాడు. బండి పక్కన గొంతుకూర్చుని, పెట్టె ఒక్కింటికి ఇంత అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. అదే లెక్కన ఇచ్చాడు. చెయ్యి ఊపాడు. ఈలోగా మా రైలు కూసింది. బండి మీద అక్షరాలు బాగా కుదిరాయి గానీ మేం రైల్లో కుదరడానికి ప్రాణాలు పోయాయి.

నాకు చదువు తక్కువే గానీ నోరు తక్కువ కాదు. ఓ మధ్యాహ్నం పట్టుకుని నిలదీశాను.

"ఏమయ్యా మరిదీ, నీ చెయ్యి అంత బిగుసుకుపోయిందేం? పెద్దవాడివి, ఒక నాణెం పైన పెడితే అరిగిపోతావా?"

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"పెళ్ళి కాకముందు ఓ బట్టల కొట్టుకి బోర్డు రాశాను వదినా. పని నచ్చింది షావుకారుకి. నేనింకా నిచ్చెన మీదే ఉన్నాను. కింద నుంచి 'పట్టుకోరా' అని ఓ నాణెం విసిరాడు. కొట్లో జనమంతా చూస్తున్నారు. నాకు ఒక చేతిలో రంగు డబ్బా, ఒక చేతిలో కుంచె."

"పోనిచ్చావా?"

"నోటితో పట్టుకున్నాను."

నేను పీట ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

"చప్పట్లు కొట్టారు. షావుకారు మళ్ళీ విసిరాడు. మళ్ళీ పట్టుకున్నాను. వాడు విసిరాడని కాదు వదినా నా కోపం. నేను పట్టుకున్నానని."

నోరు మూసుకోవడం నా ఒంటికి పడదు. ఆ పూట మాత్రం మూసుకున్నాను.

ఇక అసలు కథ. మా సెలూన్‌కి గొడుగాయన ఒకడు వచ్చేవాడు. ఎండా వానా లేకపోయినా చంకలో గొడుగుండాల్సిందే. టిప్పుల మహారాజు. అద్దం ముందు బల్ల మీద ఒక్క నాణెం టంగుమని మోగించేవాడు. ఆ ఒక్క మోతకి సెలూనాయన సగం గీసిన గడ్డాన్ని వదిలేసి ఆయనకి కుర్చీ ఖాళీ చేయించాలి. మెడ పిసకాలి. టీ తేవాలి. వెళ్ళేటప్పుడు వీధి మలుపు దాకా గొడుగు పట్టాలి. "ఏరా" అంటే "అయ్యా" అనాలి. సెలూనాయనకి అప్పటికి యాభై ఐదేళ్ళు.

ఒకరోజు నేను అటు వెళ్తుంటే సెలూనాయన మెట్ల మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు.

"ఈ నెలాఖరుకి మూసేస్తున్నానమ్మా. అద్దె పెంచారు. మా బావమరిది గోదాములో కాపలా పని చూశాడు."

"రేటు పెంచరాదూ? తొమ్మిదేళ్ళుగా అదే ముప్ఫై!"

"పెంచితే ఉన్నవాళ్ళు పోతారమ్మా. పైన ఇచ్చేవాళ్ళు ఇవ్వడం మానేస్తారు. ఇన్నాళ్ళూ ఆ పైడబ్బులతోనే నెట్టుకొచ్చాను. ఓ రోజు వస్తాయి, నాలుగు రోజులు రావు."

కత్తెర పట్టిన చెయ్యి ఇక లాఠీ పట్టుకుంటుందన్నమాట. ఇంటికొచ్చి అన్నాల దగ్గర ఈ మాట చెప్పాను. మా మరిది చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మర్నాడు సెలూన్‌కి సెలవు. పొద్దున్నే చూస్తే ఆ బోర్డు మా వరండాలో ఉంది. ఆయన కళ్ళజోడు ముక్కు చివరికి దించి, వణికే మణికట్టుని రెండో చేత్తో పట్టుకుని రాస్తున్నాడు. జుట్టు కత్తిరింపు నలభై ఐదు. దాని కింద ఇంకో వరస: పైన ఏమీ ఇవ్వక్కర్లేదు.

"ఏమయ్యా, అతన్ని అడిగావా?"

"అడిగితే వద్దంటాడు."

వద్దనడమేమిటి, బోర్డు చూసి సెలూనాయన ఏడ్చినంత పని చేశాడు. "నా గొంతు కోశారు కదండీ అయ్యగారూ! కత్తి నా చేతిలో ఉంటే మీరు కోశారేంటండీ!"

"ఎలాగూ మూసేస్తానంటున్నారు కదా మాస్టారూ. నెలాఖరుకి పది రోజులుంది. ఆ పది రోజులూ ఈ బోర్డు ఉంచండి. జనం రాకపోతే గోదాము ఎక్కడికీ పోదు."

మొదటి రోజు మొదటి కుర్చీలో మా మరిదే కూర్చున్నాడు. నేను బెంచీ మీదున్నాను. ఊరికే కాదు, చూడ్డానికే వెళ్ళాను. గొడుగాయన వచ్చి బోర్డు చదివాడు.

"ఏరా, పొగరెక్కిందా? నలభై ఐదేంటి?" అని అద్దం ముందు నాణెం టంగుమనిపించాడు. "లేపు ఆ బోడిగుండుని."

సెలూనాయన చెయ్యి నాణెం మీదకి పోయింది. అద్దంలో మా మరిది కళ్ళు కనబడ్డాయి. నాకైతే నాలుక దురద పెట్టింది. సెలూనాయన నాణెం తీసి, గొడుగాయన చేతిలో పెట్టాడు.

"ఇది బోర్డు మీద లేదండీ. బెంచీ మీద కూర్చోండి, మీ వంతు రాగానే పిలుస్తాను."

గొడుగాయన గొడుగు విసురుగా తెరిచి, ఎండలేని వీధిలోకి వెళ్ళిపోయాడు. వెనకే బెంచీ అంతా ఖాళీ. నేనొక్కదాన్నే మిగిలాను. వెళ్ళినవాళ్ళు వెళ్ళారా అంటే అదీ లేదు. రోడ్డవతల టీ కొట్టు దగ్గర నిలబడి, ఈ కొట్టు ఎప్పుడు మూస్తారా అని తమాషా చూశారు.

మా మరిది మాత్రం రోజూ వెళ్ళాడు. మొదటి రోజు చెవుల వెనక పట్టీ పోయింది. రెండో రోజు గడ్డం. మూడో రోజు ముప్ఫై ఏళ్ళుగా పెంచుకున్న మీసం. నాలుగో రోజు కనుబొమలు పలచబడ్డాయి. ప్రతిరోజూ నలభై ఐదు, రోడ్డవతలకి కనబడేలా పైకెత్తి ఇచ్చాడు. ఐదో రోజు తలుపు తీసిన నా తోడికోడలు ఒలిచిన కోడిగుడ్డులాంటి ఆ మొహాన్ని ఎగాదిగా చూసి, "ఎవరు కావాలండీ?" అంది.

ఆ సాయంత్రమే ఇస్త్రీ బట్టల కోసం వెళ్తే, అక్కడి బోర్డు మీద నా చూపు ఆగింది. అక్షరాలు పాతవి. అంకె రంగు మాత్రం వేరు. మా మరిది ఐదు రాస్తే పిల్లి తోకలా చివర మెలి తిరుగుతుంది. ఆ తోక ఇక్కడుంది. పక్కన చెప్పులు కుట్టే ఆయన రేకు మీద చూశాను, అక్కడా ఉంది. కత్తులు సానపెట్టే ఆయన పెట్టె మీదా ఉంది.

"ఇదెప్పుడు రాశాడయ్యా?" అన్నాను ఇస్త్రీ ఆయన్ని.

"రెండేళ్ళయిందమ్మా. ఓ ఆదివారం వచ్చి అంకె మార్చేసి పోయారు. నేను లబోదిబోమన్నాను. వారం రోజులు పక్క వీధి బట్టలు కూడా ఆయనే మోసుకొచ్చి పడేశారు. తర్వాత జనం అలవాటు పడ్డారు. మా అమ్మాయి ఫీజులు దాంతోనే కడుతున్నాను."

"మరి రాసినందుకు ఏమిచ్చావు?"

"ఎంతండీ అనడిగితే, నా దగ్గర బోర్డు లేదు, ఉంటే చెప్పేవాణ్ణి అన్నారమ్మా."

ఇన్నేళ్ళూ నేను ఆ మనిషిని ఎన్నెన్ని మాటలన్నానో! పోన్లెండి, వాటిల్లో కొన్నిటికి ఆయన తగినవాడే.

ఇవాళ ఆ సెలూన్‌లో మూడో కుర్చీ పడింది, గొడుగాయన కూడా బెంచీ మీద వంతు కోసం కూర్చుంటున్నాడు కాబట్టి ఇలా నవ్వుతూ చెప్తున్నాను. ఆ ఐదో రోజు దీపాలు పెట్టే వేళకి మాత్రం నవ్వొచ్చే పరిస్థితి లేదు. మా మరిది నున్నటి మొహంతో నా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, నీ జడ ఎంత పొడుగుంటుంది?"

"నీకెందుకయ్యా? అరవై ఎనిమిదేళ్ళొచ్చినా నడుం దాటే జడ ఈ వీధిలో నాదొక్కటే. దిష్టి పెట్టకు."

"నా దగ్గర ఇక కొయ్యడానికేం మిగల్లేదు. టీ కొట్టు దగ్గర ఏమంటున్నారో తెలుసా? బోడాయన స్నేహం కొద్దీ ఇస్తున్నాడు, జుట్టున్నవాళ్ళు ఒక్కరైనా ఇచ్చారా అంటున్నారు. నాకొక తల కావాలి వదినా. నిజంగా జుట్టున్న తల."

"మగాళ్ళ సెలూన్‌లో నేనా! నీకు జుట్టుతో పాటు మతి కూడా పోయిందా?"

"మగాళ్ళకని నేను రాయలేదు. జుట్టు కత్తిరింపు అని రాశాను."

"మీ అన్నయ్య ఏమంటాడు?"

"అన్నయ్యని అడిగే వచ్చాను. 'మీ వదినకి చెప్పే ధైర్యం నీకుంటే చెప్పుకో' అన్నాడు."

నేను గరిటె కింద పెట్టాను. మా మరిది గొంతు తగ్గించాడు. జీవితంలో ఎవర్నీ ఏదీ పైన అడగని మనిషి, అడగడం ఎలాగో తెలియక నేల చూస్తూ అడిగాడు.

"రేపు తొమ్మిదింటికి, టీ కొట్టు నిండాక రా. మెట్లెక్కి, జడ విప్పి, వీధివైపు కుర్చీలో కూర్చో. కొసలు రెండంగుళాలు తీయమను. నలభై ఐదు ఇవ్వు. ఇచ్చాక, ఎంతిచ్చావో, ఎందుకిచ్చావో ఒక్కసారి అవతలివాళ్ళకి చెప్పు. అరవక్కర్లేదు వదినా, నువ్వు మామూలుగా మాట్లాడు, రోడ్డు దాటుతుంది."