జ్ఞానప్రకాశం చూసిన మొదటి హైబ్రిడ్ కారు

అల్లూరులో జ్ఞానప్రకాశం ముప్పై ఏళ్లుగా రొయ్యల చెరువుల మోటార్లు, డీజిల్ ఇంజన్లు బాగుచేస్తున్నాడు. ఒక ఉదయం చెరువుల రైతు నరేంద్రబాబు ఫోన్ చేశాడు. తల్లి వెంకటశేషమ్మకు పది గంటలకు నెల్లూరులో డయాలసిస్. కారు కదలడం లేదు, టాక్సీ దొరకలేదు.

అది ఛార్జింగుతోనూ పెట్రోలుతోనూ నడిచే కారు. అలాంటిదాన్ని జ్ఞానప్రకాశం ఎప్పుడూ ముట్టుకోలేదు. అయినా పనిముట్ల సంచి, ఒక బ్యాటరీ తీసుకుని నరేంద్రబాబు ఇంటికి వెళ్లాడు.

“నిన్న ఫుల్లుగా ఛార్జింగ్ పెట్టినానన్నా. ఇప్పుడు బటన్ నొక్కితే లైటు గూడా రాలా,” అన్నాడు నరేంద్రబాబు.

“కారుతో ఇచ్చిన పుస్తకం ఉందా? ముందు చదవనీ.”

పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, కారు స్టార్టవడానికి బానెట్ కింద ఉన్న చిన్న బ్యాటరీ పనిచేయాలని అందులో ఉంది. మీటరు పెడితే పన్నెండుకు బదులు తొమ్మిది వోల్టులే చూపింది. ప్రమాదకరమైన కరెంటు పారే నారింజ రంగు తీగల జోలికి పోకుండా, తాను తెచ్చిన బ్యాటరీని ఆ చిన్న బ్యాటరీకి కలిపాడు.

నరేంద్రబాబు బటన్ నొక్కాడు. తెర వెలిగింది గానీ చప్పుడు లేదు. ఇన్నేళ్లూ చెవితోనే ఇంజన్ల లోపాలు పట్టుకున్న జ్ఞానప్రకాశానికి నమ్మకం కలగలేదు. కారు ఛార్జింగుతోనే మెల్లగా ముందుకు కదిలాక ఊపిరి పీల్చుకున్నాడు.

“దార్లో ఆగితే ఎట్టా? నువ్వూ రా నాయనా,” అంది వెంకటశేషమ్మ.

అతను పనిముట్ల సంచితో ముందు సీట్లో కూర్చున్నాడు. పదికి పది నిమిషాల ముందే ఆసుపత్రి చేరారు.