ఒక్క గంటల తెచ్చిస్త

అంద్రెయకు ఒకటే అలవాటు. ఎవరింటి ముందు నుంచి పోయినా ఏదో ఒకటి అడిగి పట్టుకుపోకుండా ఉండలేడు. ఉత్త చేతులతో నడిచే అంద్రెయను గోదావరిఖనిలో చూసినవాళ్లు లేరు. భుజం మీద నిచ్చెనో, చంకలో పరుపో, సైకిల్ వెనుక ఎవరిదో బియ్యం డబ్బానో ఉండాల్సిందే. అడిగేటప్పుడు ఒకటే మాట: "ఒక్క గంటల తెచ్చిస్త."

ఆ గంట మామూలు గంట కాదు. కనకవ్వ కూతురి పెండ్లయిన మర్నాడు తీసుకుపోయిన పీటలు, మనుమడి పుట్టువెంట్రుకల నాడు తిరిగొచ్చాయి.

"గంటంటే గిదేనా అన్నా?" అని కనకవ్వ నిలదీసింది.

"దాటిందా? గీ గడియారం ఎనుకకు నడుస్తున్నట్టుంది" అని అంద్రెయ చెయ్యి చూసుకున్నాడు. ఆ గడియారం కూడా కనకవ్వ అల్లుడిదే.

బొగ్గుబాయిలో ముప్పైరెండేళ్లు పంపు నడిపి రిటైరైన మనిషి. ఎండాకాలం వచ్చిందంటే క్వార్టర్ల వెనుక గ్రౌండులో ఏడు రోజులు ఏడు నాటకాలు వేయిస్తాడు. అన్నీ తాతలనాటివి. రాజులు, రాణులు, శాపాలు, పద్యాలు. టికెట్ లేదు, గేటు లేదు. పొద్దంతా ఎండకు కాలిన నేల మీద నీళ్లు చల్లి, ఆవిరి లేస్తుండగానే తెర తీసేస్తారు. ఆదివారం పొద్దున చర్చిలో పాటలు, సాయంత్రం గ్రౌండులో పద్యాలు. రెండింటికీ ఒకటే హార్మోనియం. అదీ అడిగి తెచ్చిందే.

సకల జనుల సమ్మె అయిన మరుసటి ఎండాకాలం, ఒక మధ్యాహ్నం, అంద్రెయ సైకిల్ జమున ఇంటి ముందు ఆగింది.

జమున భర్త పోశం పోయి ఎనిమిది నెలలు. కొడుకు వీరేందర్ డ్యూటీకి పోతే ఇంట్లో తనొక్కతే. ఆ ఎనిమిది నెలల్లో ఆమె గడప దాటలేదు. కూరగాయలు కూడా కొడుకే తెస్తాడు. అట్లని కుదురుగా కూర్చుంటుందా అంటే అదీ లేదు. ఊడ్చిన ఇల్లే ఊడుస్తుంది, తోమిన గిన్నెలే తోముతుంది. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్లీ మడతపెడుతుంది. కాలు ఒకచోట నిలవదు.

"చెల్లె, కుర్చీ గావాలె."

గుమ్మం పక్కన ఉన్నది పోశం కుర్చీ. ఇనుప చట్రానికి ఆకుపచ్చ, పసుపు వైర్లు అల్లిన కుర్చీ. అల్లింది పోశమే. షిఫ్టు దిగి వచ్చి, బూట్లు విప్పి, చాయ్ గ్లాసుతో అందులోనే కూలబడేవాడు. ఆయన పోయాక దాని మీద వీరేందర్ కూడా కూర్చోలేదు.

"గా కుర్చీ వద్దన్నా. స్టూలు తీస్కపో."

"రాజు స్టూలు మీద కూసుంటడా? కటింగ్ షాపుకొచ్చిండనుకుంటరు."

"మంచం ఉంది."

"మంచం మీద కూసుంటే బీమారొచ్చిందనుకుంటరు."

"అది ఆయనది అన్నా..."

"అందుకే అడుగుతున్న. పోశం కూసుంటే రాజు లెక్కనే ఉంటుండె. ఒక్క గంటల తెచ్చిస్త."

జమునకు గట్టిగా కాదనడం చేతకాదు. ఆమె మాట కూడదీసుకునే లోపలే కుర్చీ సైకిలెక్కి మూల మలుపు తిరిగింది.

నేల మీద నాలుగు కాళ్ల గుర్తులు మిగిలాయి. గంట గడిచింది. రెండు గడిచాయి. జమున ఆ నాలుగు గుర్తుల చుట్టూ తుడిచింది, మళ్లీ తుడిచింది. పొద్దుగూకింది. గ్రౌండు వైపు నుంచి హార్మోనియం మొదలైంది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, రాజు వేషం ఎవరిదో. బుచ్చన్నది! బాయిలోకి దించే లిఫ్టులో బుచ్చన్న ఎక్కితే ఇద్దరు దిగాలని పోశం నవ్వేవాడు.

చెప్పులు కనిపించలేదు. కొడుకు చెప్పుల్లోనే కాళ్లు దూర్చి, కొంగు సర్దుకుని, టపటపమంటూ గ్రౌండుకు పోయింది.

"ఆగు చెల్లె, రాజుగారు కూసున్నరు" అని అంద్రెయ చేతులు అడ్డం పెట్టాడు.

"గంటన్నవ్ గదన్నా!"

"గంట ఇంక మొదలే గాలే. తెర తీసినకాడి నుంచి లెక్క. కూసో, సీను కానియ్యి."

కూర్చుంది. పక్కనే, ఇంట్లో ఒంటరిగా ఉండే సారవ్వ. ఆమె రాణిని చూడటం లేదు, రాజును చూడటం లేదు, సేనాధిపతి చేతిలో గదను చూస్తోంది. అది సారవ్వ రోకలి. బంగారు కాగితం చుట్టారు.

"ఓ పిలగా! గట్ల గిరగిర తిప్పకు, పొన్ను ఊడుతది!"

ఇటుపక్కన రిచర్డ్. రిటైరైన నాటి నుంచి గోడవైపు తిరిగి పడుకున్న మనిషి. ఇప్పుడు మెడ చాపి, ముని చేతిలో కమండలమైన తన రాగిచెంబుకు ఎక్కడ సొట్ట పడుతుందోనని చూస్తున్నాడు.

ఇంతలో రాజుకు కోపమొచ్చింది. లేచాడు, మీసం మెలేశాడు, పద్యం ఎత్తుకున్నాడు, రాగం చివర దభీమని కుర్చీలో పడ్డాడు. కుర్చీ కయ్యిమంది.

ఇంట్లో మాట్లాడితే గోడకు కూడా వినపడని జమున దిగ్గున లేచింది.

"ఓ బుచ్చన్నా! మెల్లగ కూసో!"

హార్మోనియం ఆగిపోయింది. రాజు కిరీటం తీసి చేత పట్టుకున్నాడు.

"తప్పైంది వదినె."

గ్రౌండంతా ఒక్కసారి ఘొల్లుమంది. జమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, సిగ్గుకో, నవ్వుకో.

నాటకం అయ్యాక కుర్చీ అడిగితే, "రేపు ముని శాపం ఉంది చెల్లె. రాజు కూలబడాలె గద, ఏడ కూలబడుతడు?" అన్నాడు అంద్రెయ. మర్నాడు అడిగితే, ఎల్లుండి పట్టాభిషేకమన్నాడు. మూడో రోజు జమున విసనకర్ర, నీళ్ల సీసా తెచ్చుకుంది. నాలుగో రోజు రాజు కూర్చునే ముందు ఆమె వైపు చూసి, ఆమె తలూపాకే కూర్చున్నాడు.

అంద్రెయ పరుగున వచ్చాడు. "ఇయ్యాల తిట్టవేంది చెల్లె? జనం దానికోసమే వచ్చిన్రు."

ఆరో రోజు తిట్టే పని లేకుండానే జరిగింది. బుచ్చన్న మెల్లగానే కూర్చున్నాడు. అయినా వైరు టప్పుమంది. రాజు సగం కిందికి దిగిపోయాడు. రాణి ఒక చెయ్యి, మంత్రి ఒక చెయ్యి పట్టుకుని లాగారు. రంగు పూసిన మొఖంలో కూడా బుచ్చన్న భయం కనిపించింది.

ఎవరూ నవ్వలేదు. జమున స్టేజీ ఎక్కింది. కుర్చీ ముందు కూర్చుని తెగిన వైరు కొసలు వేళ్లతో తడిమింది. నాలుగు పోగులు. ఆమె వీపు మాత్రమే జనానికి కనిపిస్తోంది.

"అన్నా, వైరు ముక్క ఉందా?"

అంద్రెయ జేబులోంచి కట్ట తీశాడు. "ఉంది. ఎవరిదని అడుగకు."

పోశం అల్లుతున్నప్పుడు రెండో కొస బిగపట్టి కూర్చున్నది ఆమే. ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి. వేళ్లకు అన్నీ యాదికున్నాయి.

అంద్రెయ మైకు అందుకున్నాడు. "జనులారా! సింహాసనానికి రిపేరు నడుస్తున్నది. అప్పటిదాంక రాజుగారు నిలబడి పరిపాలిస్తరు!"

బుచ్చన్న నిలబడే రెండు పద్యాలు పాడాడు. మూడో పద్యం మధ్యలో జమున ముడి బిగించి, తనే కూర్చుని చూసింది. కాస్త ఊగి చూసింది. గట్టిగానే ఉంది.

"ఇగ కూసో బుచ్చన్నా. ఏం గాదు."

ఏడో రోజు పొద్దున, మిగిలిన వైరు కట్ట ఇచ్చి వద్దామని జమున అంద్రెయ ఇంటికి పోయింది. వాకిట్లో నిలువెత్తు సింహాసనం! చేతులకు సింహం తలలు, ఎర్ర మఖమల్ మెత్త. మెత్త మీద పాత చీర పరిచి అంద్రెయ భార్య యేసమ్మ వడియాలు పెడుతోంది.

"గిదేంది వదినె?"

"సింహాసనం. రెండేండ్లాయె, నాటకాలకని ఎవరో పుణ్యాత్ముడు చేయించి ఇచ్చిండు. గద గూడ ఉంది, తలుపుకు అడ్డం పెడుతున్న. కమండలంల కోళ్లకు నీళ్లు పోస్తున్న."

"మరి ఇవన్ని ఇంట్ల పెట్టుకొని..."

"నేను గూడ గట్లనే లొల్లి పెట్టిన. 'సింహాసనం తీస్కపోతే దాని ఎనుక ఎవరొస్తరే' అన్నడు. గంతే. ఎవరిదో నిచ్చెన గుర్తొచ్చి ఉరికిండు."

జమున సింహం తల మీద చెయ్యి వేసింది. సారవ్వ రోకలి. రిచర్డ్ చెంబు. తన కుర్చీ.

సైకిల్ చప్పుడైంది. జమున ఎక్కడ నిలబడి ఉందో చూడగానే అంద్రెయ బ్రేకు గట్టిగా పట్టాడు.

"గా సింహాసనం... కిర్రుమంటది చెల్లె. పద్యం వినబడదు."

జమున కిర్రు గురించి అడగలేదు. "ఇయ్యాల ఎవరింటికి పోయొచ్చినవ్?" అంది.

"ఆగయ్య ఇంటికి. ముసలామె పోయినకాడి నుంచి తలుపు తీస్తలేడు. మూడు దినాల సంది తిరుగుతున్న. మంచమడిగితే లేదంటడు, బకెటడిగితే లేదంటడు."

"నీకు అడుగుడు రాదన్నా" అని జమున కొడుకు చెప్పులతోనే టపటపా ఆగయ్య క్వార్టరు వైపు నడిచింది. తలుపు మీద గట్టిగా కొట్టింది.

"కాకా! నీ గొడుగు కావాలె!"

చాలాసేపటికి లోపల మంచం కిర్రుమంది. "ఎందుకు?"

"రాజుకు ఎండ తగుల్తదట."

"పొద్దుగూకినంక నాటకమైతే ఎండెక్కడిదే?"

"నాకేం తెలుసు కాకా. గా అంద్రెయన్న చేతికిస్తే మల్ల నీ గొడుగు నీకు రాదు. నువ్వే వచ్చి పట్టుకో."

లోపల ఏదో వెతుకుతున్న చప్పుడు. డబ్బా ఒకటి కింద పడింది. గొళ్లెం ఊడింది. గడ్డం పెరిగిన ఆగయ్య వెలుతురుకు కండ్లు చికిలించి, నల్ల గొడుగు ముందుకు చాపాడు.

"ఒక పుల్ల విరిగింది. రాజు కంట్ల పొడిస్తే నా జిమ్మ గాదు."

"రాజు బుచ్చన్ననే కాకా. విరిగితే పుల్లే విరుగుతది."

ఆగయ్య గొడుగు చటుక్కున వెనక్కి లాక్కుని చంకలో పెట్టుకున్నాడు. "అయితే నేనే పట్టుకుంట. ఎన్ని గంటలు గొట్టంగ రావాలె?"