టార్పాలిన్ వేసి కుట్టిన విండ్‌సాక్

2008 చలికాలంలో నేను ఒమన్‌లో, ఖబూరా దగ్గర ఒక ప్రైవేటు కంపెనీ రన్‌వే మీద గాలి వేగం కొలిచే పనిలో ఉన్నాను. రన్‌వే సముద్రతీరం వెంట సాగుతుంది. ఆ కాలపు గాలి మాత్రం పడమటి కొండల మీది నుంచి వచ్చి దాన్ని అడ్డంగా కొడుతుంది. దిగబోయే పైలట్‌కు ఆ గాలి సగటు వేగాన్నీ, మధ్యలో విసురుగా వచ్చే గరిష్ఠ వేగాన్నీ రేడియోలో చెప్పడం నా డ్యూటీ. విసురు అంకె చెప్పవద్దని మా మేనేజర్ పదేపదే అనేవాడు. అది వింటే పైలట్లు మస్కట్‌కు మళ్లిపోతారు, అతిథుల కోసం కారు పంపవలసి వస్తుంది. ఆయన బాధ అంతే. నేను మాత్రం రెండు అంకెలూ చెప్పేవాణ్ణి.

రన్‌వే పక్కన స్తంభానికి విండ్‌సాక్ ఉండేది. గాలి నిండినకొద్దీ లేచి, దిశనూ బలాన్నీ చూపే గుడ్డ గొట్టం అది. దాని తోక చిరిగింది. కొత్తది తెప్పించమంటే మేనేజర్, నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన కూలీ ఒకతన్ని పిలిచాడు.

"గట్టిగా కుట్టెయ్. మళ్లీ దీని సంగతి నా దాకా రాకూడదు."

అతను సైట్‌లో సిమెంటు బస్తాల మీద కప్పే టార్పాలిన్ కోసి, రెండు పొరలు వేసి కుట్టాడు. ఈ బరువుతో అది లేవదని మేనేజర్‌కు ఆరోజే చెప్పాను.

"ఊగుతోంది కదండీ! పెద్దాయనా, మీకు అన్నీ అనుమానాలే" అని నవ్వాడు.

వారం తిరగకముందే చిన్న విమానం ఒకటి దిగడానికి వచ్చింది. గాలి వేగాన్ని నాట్లలో లెక్కిస్తాం; సగటు పద్నాలుగు నాట్లు, విసురు ఇరవై ఆరు అని చెప్పాను. ఆ విమానం తట్టుకోగలిగిన అడ్డగాలి పదిహేను. పైలట్ కిందికి చూశాడు. విండ్‌సాక్ సగం వాలి ఉంది. నా మాటకన్నా తన కళ్లనే నమ్మాడు. చక్రాలు నేలను తాకే క్షణంలో విసురు ఎడమ రెక్కను లేపింది. కుడి రెక్క కొస నేలకు కొట్టుకుంది, చక్రం కాలు విరిగింది, విమానం గిర్రున తిరిగి ఇసుకలో పడింది. పైలట్ భుజం ఎముక విరిగింది.

విచారణకు వచ్చిన అధికారి విండ్‌సాక్‌ను దింపించి, చేత్తో తూచి చూసి, ఇది ఎవరు కుట్టారని హిందీలో అడిగాడు. కూలీ సంబరంగా ముందుకొచ్చాడు.

"నేనే సాబ్! డబల్ ఏసిన. ఇగ ఎంత గాలొచ్చినా చినగది." నా వైపు వంగి మెల్లగా అడిగాడు: "సారుకు నచ్చినట్టున్నది గదా?"

నా ఒళ్లు మండిపోయింది. కోపం అతని మీద కాదు. పక్కనే నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్న మేనేజర్ మీద.

"వాడు సొంతంగా చేశాడు సర్. వీసా కేన్సిల్ చేసి పంపించేస్తాం" అన్నాడతను ఇంగ్లీషులో, కూలీ పనిలోకి వెళ్లిపోయాక.

"మీరే కుట్టమన్నారు. నేను అక్కడే ఉన్నాను."

"కుట్టమన్నాను. టార్పాలిన్ వెయ్యమన్నానా?"

కొత్త విండ్‌సాక్ వచ్చింది. ప్రమాదం తర్వాత మూసిన రన్‌వే తిరిగి తెరవాలంటే గాలి పరికరాలు సరిగా ఉన్నాయని నేను సంతకం చేయాలి. మేనేజర్ తెచ్చిన కాగితంలో, పాతది చెడడానికి కారణం 'కూలీ సొంత నిర్ణయం' అని రాసి ఉంది. నేను దాన్ని కొట్టేసి 'మేనేజర్ ఆదేశం, కొత్తది నిరాకరించడం' అని రాశాను.

"ఇదెలా పైకి పంపను? నా ఉద్యోగం పోతుంది!"

"అతనిది పోతే ఫరవాలేదా? ఈ మాట ఉంటేనే సంతకం. లేదంటే రన్‌వే మూసే ఉంటుంది."

అతను అరిచాడు. నేనూ అరిచాను, నా కన్నా చిన్నవాడితో అంత గొంతు పెంచడం నాకు అలవాటు లేదు. రన్‌వే మూతపడే ఉంది. కంపెనీ యజమాని తనే అక్కడ విమానంలో దిగవలసిన రోజు దగ్గరపడ్డాక కాగితం నేను రాసినట్టే పైకి వెళ్లింది. వీసా రద్దు ఆగింది. మేనేజర్ ఉద్యోగమూ పోలేదు. ఒక మందలింపు లేఖతో సరిపెట్టారు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా పళ్లు బిగుసుకుంటాయి.

కూలీ ఉండే రూమ్‌కు వెళ్లి, వీసా రద్దు ఆగిందని అతనికి చెప్పాను. అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయాడు.

"నన్ను పంపిద్దామన్నరా? ఎందుకు సార్? నా కుట్టు ఊడిందా?"

అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. విచారణ జరిగింది, తప్పు అంటగట్టారు, టికెట్ కొనబోయారు. అతనికి మాత్రం కారణం చెప్పలేదు. అతని పక్కన కూర్చుని, గొట్టం గాలికి ఎందుకు లేవాలో, బరువెక్కితే పైలట్‌కు ఏం కనిపిస్తుందో చెప్పాను. అతను కంచం పక్కకు జరిపాడు.

"ఆ ముక్క ఆనాడే జెప్తే నేను ఎయ్యకపోదును గద సార్" అన్నాడు.