క్రాంతి కడిగేసిన చందమామ

క్రాంతి కుమార్‌ది కుంచె పట్టిన వంశం. వాళ్ల నాన్న యాకోబు నల్లగొండ పల్లెల్లో చర్చి గోడల మీద వాక్యాలు రాసేవాడు. కొడుకు ఎల్‌బీ నగర్‌కొచ్చి దుకాణాల బోర్డులు రాశాడు. ఫ్లెక్సీ మిషన్లు దిగాక కుంచె మూలపడింది. దిల్‌సుఖ్‌నగర్‌లోని నా ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ నేర్చుకుని కుదురుకున్నాడు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. పూటకో ధర్నా, ధర్నాకో ఫ్లెక్సీ. గల్లీ లీడర్లందరికీ పెళ్లికొడుకుల్లా కనపడాలనే యావ. ఫొటో రాగానే క్రాంతి మచ్చలూ ముడతలూ తుడిచేసి నున్నగా చేసేవాడు. దాన్ని మేం ముఖం కడగడం అనేవాళ్లం. కడిగాక ఎవడెవడో వాళ్ల పెళ్లాలు కూడా పోల్చుకోలేరు.

ఒకరోజు చైతన్యపురి నుంచి సైన్సు టీచరు అరుణజ్యోతి ఒక ఫొటో తెచ్చింది. శనిగ్రహం చుట్టూ తిరిగే ఎన్సెలడస్ అనే మంచు చందమామట, అంతరిక్ష నౌక తీసిందట. మర్నాడు సైన్స్ ఫెయిర్‌లో ఆమె పిల్లలు దాని గురించి చెప్పాలి. సాయంత్రం ఫ్లెక్సీ విప్పి చూసి ఆమె కొయ్యబారిపోయింది. చందమామ ఒలిచిన కోడిగుడ్డులా మెరిసిపోతోంది. అడుగున ఉండాల్సిన నాలుగు నీలి చారలూ గల్లంతు. ఫొటో మీద గీతలు పడ్డాయనుకుని మావాడు కడిగేశాడు!

నాకు ఒళ్లు మండింది. ఇంకొక్క ఫ్లెక్సీ పాడుచేస్తే పనిలోకి రావద్దన్నాను. పెళ్లయి ఆరు నెలలు కాలేదు, వాడి ముఖం పాలిపోయింది. అరుణజ్యోతి మాత్రం వాడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"గవి మంచుల పడ్డ పగుళ్లు తమ్మీ. లోపలి నీళ్లు వాటిల్నుంచే బయటికి చిమ్ముతున్నయి. గవి తుడిచేసినంక గా చందమామ గురించి మా పిల్లలు ఏం చెప్తరు?"

క్రాంతి ఉన్నదున్నట్టు మళ్లీ ప్రింటేశాడు. ఆమె వెళ్లాక కూడా ఆ చారల్ని స్క్రీన్ మీద పెద్దవి చేసుకుని చూస్తూ కూర్చున్నాడు.

ఆ వారమే ఎల్‌బీ నగర్ చౌరస్తా ధర్నాకని జంగయ్య ఫొటో వచ్చింది. అరవై తొమ్మిది ఉద్యమం నుంచీ జెండా పట్టిన మనిషి, ముఖం నిండా అమ్మవారు పోసిన మచ్చలు. క్రాంతి ఒక్క మచ్చనూ ముట్టుకోలేదు. నాకు తెలిసేసరికి ఫ్లెక్సీ చౌరస్తాలో కట్టేశారు. ఇక వీడి కొలువు హుళక్కే అనుకుని, వాణ్ణి వెంటేసుకుని క్షమాపణ చెప్పడానికి పోయాను.

జంగయ్య ఫ్లెక్సీ కింద నిలబడి ఉన్నాడు. మేం పలకరించినా తల తిప్పలేదు. ఒక చేత్తో చెంప తడుముకుంటున్నాడు.

"ఇన్నేండ్ల సంది నా ఫొటోలు పెడుతున్నరు బిడ్డా. గిప్పుడే నేను కనబడ్డ."

క్రాంతి కళ్లు తుడుచుకుని, "ఇంకో ఆర్డరుంది, షాపుకు పోదాం పా అన్నా" అన్నాడు.