గులాబ్ బీ సీసాలు

"మా వాడు చెవిటోడా? ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిలో ఉండాల్సినదానివి, నువ్వేంటే చెప్పేది?"

మధురానగర్ హాస్టల్ మెట్లు దిగుతున్న తారక్‌కి కింది గదిలోంచి, కొడుకుని దించడానికొచ్చిన దుర్గేష్ అరుపు వినిపించింది. ఆ గదిలో గులాబ్ బీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పసిపిల్లల్ని పగలంతా చూసుకుంటుంది. బొమ్మలు కొనదు. ఖాళీ నీళ్ల సీసాలు ఏరి తెచ్చి, ఒకదాంట్లో బియ్యం, ఒకదాంట్లో శనగలు, మరోదాంట్లో గులకరాళ్లు పోసి మూతలకు టేపు చుట్టేస్తుంది. రోజూ పొద్దున్నే పిల్లల వెనక చేరి ఒక్కో సీసా ఆడిస్తుంది. ఎవరు తిరిగితే వాళ్ల బుగ్గ గిల్లి ముద్దు పెట్టుకుంటుంది. దుర్గేష్ కొడుకు బుగ్గ నెల రోజులుగా ఆమె చేతికి అందలేదు.

"ఉన్న మాటే చెప్పిన సార్. ఇంకా చిన్నోడే, ఇప్పుడే డాక్టర్‌కు చూపించుండ్రి."

తారక్ లోపలికి వెళ్లేసరికి దుర్గేష్ సీసాల్ని కాళ్లతో తొక్కి పగలగొడుతున్నాడు. శనగలు గదంతా చిమ్మాయి. అడ్డం వచ్చిన గులాబ్ బీని చాచి కొట్టాడు. ఆమె పెదవి చిట్లింది. పిల్లలు గుక్కపట్టి ఏడ్చారు. తారక్ అతన్ని కాలర్ పట్టి గోడకేసి బాదాడు. దుర్గేష్ ముక్కు పగిలి రక్తం కారుతున్నా తారక్ ఇంకో గుద్దుకి చెయ్యెత్తాడు.

గులాబ్ బీ కొంగుతో పెదవి అద్దుకుంటూ వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"కొట్టకు బేటా. సార్ మొహం జర అటు తిప్పు. గింత లొల్లిల సుత బాబు ఎనక్కి తిరగలే, గోడ దిక్కు కూసొని ఆడుకుంటుండు. ఒక్కసారి కళ్లారా చూడనియ్యి."