మూడడుగుల వసారా

గిద్యోను మేస్త్రి కట్టిన మిద్దె వానకు కారడం బళ్లారి దగ్గర కంప్లిలో ఎవరూ ఎరుగరు. అలాంటి మనిషి తన పనిని తానే విప్పుకున్నది ఒక్కసారే.

1961లో కోస్తా నుంచి వచ్చిన చెన్నకేశవరావు, ఊరి చివర కొత్త ఎక్స్‌టెన్షను కాలనీలో స్థలం కొని, తమ వైపు తీరున పెంకుటిల్లు కట్టమన్నాడు. ఇది నచ్చితే ఆయన చుట్టాల ఇళ్లు మరో ఆరు గిద్యోనువే. మునిసిపాలిటీ షరతు ఒకటుంది: స్థలంలో సగానికి మించి కట్టకూడదు.

గృహప్రవేశం ఇంకా ఆరు రోజులుందనగా, పక్క స్థలం కొలుస్తున్న మునిసిపాలిటీ ఓవర్సీరు తిప్పన్న మాట చెవినపడింది. "గోడ ఒక్కటే కాదప్పా, వసారా కప్పు కూడా లెక్కే, నోడ్రి, చూసుకోండి."

చూరులేని మిద్దెలు కట్టిన అలవాటుకొద్దీ గిద్యోను గోడ నుంచి గోడకే కొలిచి ఉన్నాడు. మళ్లీ టేపు పట్టి చూస్తే వెనక వసారా మూడడుగులు ఎక్కువ. నేరుగా వెళ్లి యజమానికి చెప్పేశాడు.

"మూడడుగులకు ఇంత రాద్ధాంతమా? ఓవర్సీరుతో నేను మాట్లాడుకుంటాలే" అన్నాడు చెన్నకేశవరావు.

"ఆయప్ప ఒప్పుకుంటాడేమో సామీ. వెనకింటి హనుమంతమ్మ వంటింటి కిటికీ ఈ పక్కనే ఉండాది. సందు మూస్తే పొగ యాడికి పోతాది? తప్పు నాది, నేనే ఇప్పుతా."

"కప్పు మీద చెయ్యి వేశావంటే మావాళ్లలో ఒక్కడు కూడా నిన్ను పనికి పిలవడు!"

మర్నాడు పొద్దున్నే గిద్యోను నిచ్చెన వేశాడు. చెన్నకేశవరావు ఆపబోతే ఆయన భార్య సుందరమ్మ అడ్డుపడింది. "తప్పు తనదని ఒప్పుకున్న మేస్త్రిని మీరెక్కడన్నా చూశారా? చెయ్యనివ్వండి."

తన తప్పుకు కూలీలతో చాకిరీ చేయించడం ఇష్టంలేక ఒక్కడే ఎక్కాడు. పెంకు పగలకుండా దింపాడు, స్తంభాలు లోపలికి జరిపాడు, నాలుగో రోజుకు మళ్లీ కప్పేశాడు. ఆరిళ్లు పోయాయన్న దిగులుతో అన్నం సయించలేదు. అయినా చెయ్యి ఆగలేదు. మనిషంటే అలా ఉండాలి! తిప్పన్న వచ్చి కొలిచి, సంతకం పెట్టి వెళ్లాడు.

గృహప్రవేశానికి గిద్యోనుకు పిలుపు రాలేదు. మధ్యాహ్నం సుందరమ్మే అతని వాకిట్లోకొచ్చి నిలబడింది.

"మీరు రానిదే వడ్డన మొదలుపెట్టనని చెప్పి వచ్చాను, పదండి."

వెళ్లేసరికి, కప్పు తీసిన ఆ మూడడుగుల నేల మీదే విస్తళ్లు వేసి ఉన్నాయి. కిటికీలోంచి హనుమంతమ్మ నవ్వింది. చెన్నకేశవరావు అతని ముఖం చూడలేక, తన పక్కనున్న విస్తరి చూపించాడు.

"కూర్చో మేస్త్రీ. తిన్నాక మా తమ్ముడి స్థలం కొలవాలి. ఈసారి చూరు నుంచి కొలుద్దువుగాని."